పైకి లేవని రంపం

త్రిమూర్తులు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేం కంపండీ బాబూ! రంపం అమ్ముతానని కబేళాకి తీసుకొచ్చేరేంటండీ?"

బుల్లిరాజుకి తల కొట్టేసినట్టయింది. కొత్తపేటలో అతని అన్న సత్తియ్య పెట్టుకున్న చెక్కల షెడ్డు అది. పచ్చకామెర్లతో సత్తియ్య పోయి మూడు నెలలైంది. రంపం బల్ల అమ్మేద్దామని అమలాపురంలో బట్టల కొట్టు నడిపే బుల్లిరాజు తేల్చేశాడు. అన్నదమ్ముల ఉమ్మడి సొత్తు. వదిన ఆదిలక్ష్మిని అడగాలని కూడా అతనికి తోచలేదు. పదేళ్ళు మొగుడికి ఎదురుగా నిలబడి చెక్క లాగడం తప్ప ఆవిడకేం తెలుసు?

తీరా రాజోలు నుంచి త్రిమూర్తుల్ని బేరానికి వెంటబెట్టుకొస్తే, రంపం చక్రం బల్లలోంచి బెత్తెడు కూడా పైకి రావడం లేదు. పిడి తిప్పితే కిర్రుమని ఆగిపోతోంది.

పక్క వీధి నుంచి మెకానిక్ అంజిబాబుని పిలిపించారు.

"మర పళ్ళల్లో రంపప్పొట్టు పేరుకుపోయుంటదండి. కిరసనాయిలు పోసి ఇనప బ్రష్షుతో రుద్దితే వదిలేత్తది. అరగంట పని," అంటూ బల్ల కిందికి దూరాడు అంజిబాబు.

గంటన్నరైంది. కింద నుంచి వచ్చింది పొట్టు కాదు, నల్లటి ముద్ద. జిగురుగా తీగలు సాగుతోంది. నిండా తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. అంజిబాబు విదిలించిన ముద్ద ఒకటి ఎగిరి బుల్లిరాజు తెల్ల గ్లాస్కో పంచె మీద పడింది.

బుల్లిరాజు ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. దులపబోతే వేళ్ళకి అంటుకుంది. వేళ్ళు గోడకి రాస్తే గోడ నుంచి సున్నం ఊడొచ్చింది గాని, జిగురు వదల్లేదు.

అంజిబాబు పరుగున బయటికి పోయి కొబ్బరిచెట్టు మొదట్లో వాంతి చేసుకున్నాడు.

"పందికొక్కు చచ్చుంటదండి లోపల. ఒకచోట వదిలితే ఇంకోచోట పట్టేత్తంది. మొత్తం విప్పాల. నా వల్ల కాదండి బాబూ, నేను మళ్ళీ అన్నం తినాలి."

"ఊరికే ఇచ్చినా వద్దండి," అని త్రిమూర్తులు అప్పటికే రోడ్డెక్కేశాడు.

బుల్లిరాజు అంటిన చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని వదిన వైపు తిరిగాడు. ఆదిలక్ష్మి గుమ్మంలో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అది చూస్తే అతనికి ఇంకా రోత పుట్టింది.

"ఇలాగేనా వదినా మిషనుంచుకోడం? మనుషులుండే చోటేనా ఇది?"

"మీ అన్నగారు పోయాక ఎవరు తుడుస్తారండీ?"

"ఛీ! ఈ దరిద్రంలో నాకు వాటా వద్దు. నువ్వే ఉంచుకో. పాత ఇనుముకి వేసుకుంటావో, గోదాట్లో తోసుకుంటావో నీ ఇష్టం."

"ఆ మాటే కాయితం మీద రాసిచ్చేయండి మరిదిగారూ. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పనండీ?"

కంపులో ఇంకో నిమిషం నిలబడలేక, ఆవిడ తెచ్చిన కాగితం మీద గబగబా రాసి సంతకం పడేశాడు. అంజిబాబు సాక్షి సంతకం చేశాడు. ఇంటికెళ్ళి బుల్లిరాజు సబ్బుబిళ్ళ సగం అరగదీశాడు. అయినా రెండు రోజులు కుడిచేత్తో ముద్ద ఎత్తలేకపోయాడు.

పది రోజుల తర్వాత పెళ్ళి పిలుపులకి కొత్తపేట వచ్చి ఆ వీధిలోంచి పోతుంటే రంపం రొద వినిపించింది. ఆగి షెడ్డులోకి తొంగి చూశాడు. కంపు లేదు. ఆదిలక్ష్మి కొంగు నడుముకి బిగించి, రెండు వేళ్ళతో పిడి తిప్పుతోంది. చక్రం సాఫీగా పైకి లేస్తోంది.

"ఎవరు బాగుచేసేరు వదినా?"

"నేనేనండి."

"అంజిబాబు వల్లే కాలేదే! నీకెలా చేతనైంది?"

ఆదిలక్ష్మి మోటారు ఆపి, చేతులు తుడుచుకుంది.

"పనస జిగురూ, కుళ్ళబెట్టిన రొయ్యపొట్టూ ఏ సందులో ఎంత కూరేనో నాకు తెలీదేంటండీ, మరిదిగారూ?"