మూత చప్పుడు

ఇంట్లోవాళ్ల ఒంటి సంగతి వంటింటి గోడ మీద కనబడటం ఇప్పుడు విజయనగరంలో కుళాయి నీళ్లంత మామూలు. రోజుకి మనిషికో చుక్క. ఒళ్లు బాగుంటే ఆకుపచ్చ, నలతగా ఉంటే ఎరుపు.

రోహిణి ఎం.టెక్‌లో చదివేది ఆ గోడల మీద బొమ్మలు గీసే విద్యే. గోడను ఇంట్లోవాళ్లు ఎలా చదువుతున్నారో పక్కన కూర్చుని రాసుకురమ్మన్నారు ప్రొఫెసరుగారు. ఆమె ముందుగా నాన్న సింహాద్రిని కూర్చోబెట్టింది.

"నాన్నా, మొన్న మంగళవారం అమ్మ చుక్క ఏ రంగులో ఉంది?"

ఆయన గోడ మీది చుక్కలకేసి కళ్లు చికిలించి చూశాడు.

"ఎరుపూ పచ్చా నాకు ఒకలాగే కనబడతాయమ్మా. చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వు ఈ చదువే చదువుతుంటే చెప్పడానికి సిగ్గేసింది."

రోహిణి రాయడం ఆపేసింది. ఇంట్లో పెట్టించిన ఈ ఎనిమిదేళ్లలో ఆ గోడ ఆయనకు ఏమీ చెప్పలేదన్నమాట.

"మరి అమ్మకి జ్వరం వచ్చినప్పుడల్లా అందరికంటే ముందు మిరియాల చారు పెట్టేది నువ్వే కదా?"

"మీయమ్మ ఒళ్లు బాగుంటే గిన్నె మీద మూత ఠంగుమని పడేస్తాది. బాగోకపోతే నెమ్మదిగా పెడతాది."

ఆ వారమే రోహిణి రంగులు తీసేసి గోడను మళ్లీ గీసింది. బాగుంటే సున్నా, నలతగా ఉంటే ముక్కోణం. సింహాద్రి ఒక్కొక్కటీ వేలితో చూపించి, తప్పు లేకుండా చదివి మురిసిపోయాడు.

గురువారం పొద్దున రోహిణి వంటింట్లోకి వచ్చేసరికి గోడ మీద అమ్మ పేరు పక్కన సున్నాయే ఉంది.

నాన్న అప్పటికే మిరియాలు దంచుతున్నాడు.