కంకర అడిగిన అమ్మవారు

"దోవ బాగు చేస్తారా, చేయరా?"

ఆళ్లగడ్డ రోడ్డాఫీసులో చెన్నకేశవులు ఆ మాట అడగడం ఎన్నోసారో ఆయనకే తెలీదు.

"రాసినాం పెద్దాయనా. పైనుంచి రావాల" అన్నాడు ఇంజనీరు తలెత్తకుండా.

"నా కూతురికి నెలలు నిండుతాండాయప్పా!"

అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం. నంద్యాల ఆసుపత్రికి పోవాలంటే ఊరి కల్వర్టు దాటాలి. దాని మీద ఉన్నది గుంత కాదు, గుండం. నిరుడు ఆ కూతురు విజయమ్మను తీసుకుపోతున్న ఎద్దులబండి అందులోనే పడింది. కడుపులోని బిడ్డ దక్కలేదు.

పైనుంచి వాన వచ్చింది గానీ కంకర రాలేదు.

ఒక పొద్దున కల్వర్టు మీద ఎవరో నడివయసు ఆడమనిషి కనిపించింది. తెల్లచీర, నల్లగొడుగు. గుంత నడుమ ఇంత వేపకొమ్మ నాటి, దానికి ఎర్రగుడ్డ కడుతోంది.

చెన్నకేశవులు చెప్పులు విడిచాడు.

"అమ్మకు ఏం గావాల తల్లీ?"

"ఏం గావాల నాయనా! గంపలకు గంపలు కంకర గావాల. తారు గావాల" అని ఆమె గొడుగు విప్పుకుని పోయింది.

మాట ఊరంతా పాకింది. గుంతకు పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది, సంతరోజుకు టెంకాయలు కూడా వచ్చాయి.

కొమ్మ వాడితే ఆమె వచ్చి పచ్చికొమ్మ మార్చేది. కాళ్లకు మొక్కబోతే, "నాకు మొక్కగూడదు" అని గొడుగు అడ్డం పెట్టేది.

అంత పెద్ద భక్తురాలికి ఆ మాత్రం వినయం ఉంటుందిలే అనుకున్నారు అందరూ.

నంద్యాల బస్సు డ్రైవరు వెంకటేశ్వర్లు కల్వర్టు ముందు బ్రేకు తొక్కాడు.

"పోనీరాదా అన్నా?" అన్నాడు కండక్టరు.

"అమ్మవారి మీద చక్రం ఎక్కిచ్చాలనా? నాకు పెండ్లాం బిడ్డలు ల్యారా?"

పక్కకు తిప్పుకోడానికి చోటు లేదు. అటు బస్సులు అటే, ఇటు లారీలు ఇటే.

ఆ వరుసలో ఇంజనీరు జీపు కూడా చిక్కుకుంది.

"ఏందీ గోల?"

"అమ్మవారు కంకర అడుగుతాంది సార్" అన్నాడు చెన్నకేశవులు చేతులు కట్టుకుని. "పైనుంచి రావాల అంటిరి గదా. ఇది పైనుంచే!"

జీపు డ్రైవరు అప్పటికే లెంపలు వేసుకుంటున్నాడు.

మర్నాడే కంకర దిగింది. తారు డ్రమ్ములు, రోలరు వచ్చాయి. కొమ్మ పెరకడానికి మాత్రం ఒక్క కూలీ ముందుకు రాలేదు.

అంతలో ఆమే వచ్చింది. కొమ్మ ఊడబెరికి కాలవలో పారేసింది.

"చూస్తాండారేంది నాయనా? పోయండి."

గుంత పూడి దోవలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుని వెళ్లింది. మళ్లీ రాలేదు.

వారం తిరక్కముందే విజయమ్మకు నొప్పులు మొదలయ్యాయి. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి చెన్నకేశవులు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. బండి కుదుపు లేకుండా దాటిపోయింది.

ఆసుపత్రిలో నర్సు రూతు ఆడబిడ్డను ఆయన చేతికిచ్చింది. పసిదాని కేక వినగానే ఆయన గుండె మీది బండ దిగిపోయింది. నవ్వబోయి ఏడ్చేశాడు.

"పదకొండోనాడు పురుడు కాంగానే ఈ పిల్లను అమ్మవారి మనిషి కాళ్ల మింద ఏయాల. తెల్లచీర, నల్లగొడుగు. యాడుంటాదో!"

"కల్వర్టు మింద యాపకొమ్మ పెట్టిన ఆమేనా?"

"నీకు తెలుసునామ్మా?"

"మా సువార్తమ్మ. మొన్ననే ఆత్మకూరు దిక్కుకు మార్చినారు. ఆమె అమ్మవారి మనిషి గాదు పెద్దాయనా, ఊరూరా తిరిగి బైబిలు చెప్పే ఆమె."

చెన్నకేశవులు పసిదాన్ని రూతు చేతికిచ్చాడు.

"మరి ఆ కొమ్మ?"

రూతు పసిదానికి గుడ్డ సర్దింది.

"ఇంగొగరు పడగూడదని ఆనవాలుకు నాటింది, నిరుటి వానల్లో ఆమె మొగుడు సైకిలు మింద నుంచి పడి పానం ఇడిసింది ఆ గుంతలోనే."