కోళ్ల మేత

“మళ్లీ కోళ్ల మేతేనా అన్నా?” మూత తీయకముందే అడిగాడు సైగలోడు.

క్రేన్ ఆపరేటర్ ముక్కు మూసుకుని డబ్బా అతని వైపు తోశాడు. “కోళ్లకి పెడితే అవి నా మీద కేసు పెడతాయిరా. ఇది పట్టు, నీది ఇటివ్వు.”

ఆపరేటర్ పెళ్లికి ఇంకా కొత్త వాసన పోలేదు, అప్పుడే బీపీ కూడా కాపురానికి వచ్చేసింది. కంపెనీ డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఉప్పు తగ్గించాలి, పొట్టు తీయని ధాన్యాలు తినాలి. వచ్చే పరీక్షకి బీపీ దిగకపోతే అతనే క్రేన్ దిగాలి. దిగితే గోదాములో బోల్టులు ఏరుకుంటూ కూర్చోవడమే. అంత ఎత్తున గాజుగదిలో కూర్చుని, ఇనుప దూలాల్ని పూచికపుల్లల్లా ఎత్తేవాడికి అది చావుకబురే.

అయినా నాలుక వింటేగా! ‘పొట్టు తీయనిది’ అని భార్య అంటే చాలు, రుచి కూడా చూడకుండా కంచం నెట్టేసేవాడు. అందుకే పని దగ్గర ఈ దొంగ మార్పిడి. కింద నిలబడి చేతులూపుతూ అతనికి దారి చూపే సైగలోడు, ఆ ఉడికించిన గింజల్ని గుర్రంలా నమిలేవాడు.

“ఎలా తింటున్నావురా బాబూ?”

“నా బాధ నాది. నువ్వు మాత్రం దిగిపోకన్నా. ఇంకొకడు ఎక్కితే వాడికి నా సైగలు అర్థమై చస్తాయా? దూలం తెచ్చి నా నెత్తిన పెడతాడు.”

సైగలోడి డబ్బాలో రొట్టెలు, నిమ్మరసం పిండిన కూర, మిరియాల ఘాటు, వేయించిన ఉల్లిపాయ!

“ఎంత ఎర్రగా కాల్చారో చూడు! ఎవర్రా వండేది?”

“నీకు తిండి కావాలా, చిరునామా కావాలా?”

“ఆ చేతులకి బంగారు గాజులు చేయించాలిరా.”

“చేయించు. నేను వద్దన్నానా?”

ఇంటికెళ్తే భార్య ఖాళీ డబ్బా ఊపి చూసేది. “అంతా తిన్నారా?”

“నాకేశాను.”

“నా బంగారుకొండ!” అంటూ బుగ్గ గిల్లేది. అతనికి సిగ్గేసేది. గిల్లినందుకు కాదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. డాక్టరు చేతికి పట్టీ చుట్టగానే అతను ఊపిరి బిగబట్టాడు.

“వదలవయ్యా, పోతావు!” అని కసిరి డాక్టరు మళ్లీ కొలిచాడు. “భేష్. అది దిగింది, నువ్వు దిగక్కర్లేదు. ఏం తిన్నావు?”

“మీరు చెప్పిన ధాన్యాలే సార్,” అన్నాడు రెప్ప వేయకుండా.

“చూశావా మరి! వాటిని మానకు.”

ఇంటికొచ్చి, సోఫాలో కాళ్లు బార్లా చాపి, సైగలోడికి ఫోన్ చేసి గొంతు తగ్గించాడు.

“ఒరేయ్, డాక్టరు బకరా అయ్యాడు! ఒక్క గింజ ముట్టకుండా బీపీ దించేశాను. అంతా నీ డబ్బా మహిమ. రేపూ తే, మర్చిపోకు.”

“అదున్నంతకాలం నీకు ఢోకా లేదన్నా.”

వంటింట్లో అతని భార్య సైగలోడి డబ్బా కోసం పొట్టు తీయని పిండి కలుపుతోంది.