జబ్బకు కట్టిన గుడ్డ

"ఇంకొక్కసారి!" అన్నాడు దర్శకుడు థవీ.

గొడుగు కింద కూర్చున్న వన్‌లోప్ గబుక్కున లేచాడు. పొద్దుటి నుంచి ఆ మహానుభావుడి నోట ఆ మాట రావడం ఇది మూడోసారి.

దూకవలసింది వన్‌లోప్ తమ్ముడు దేచా. బ్యాంకాక్ పాత బజారులో మూడంతస్తుల కొట్టు. దాని మీద పరుగెత్తుకొచ్చి దూకాలి. గాలిలో ఒక పిల్లిమొగ్గ వేయాలి. కింద కట్టిన గుడ్డ పందిరి మీద పడి, అక్కడి నుంచి ఆటో టాపు మీదికి, టాపు మీది నుంచి నేల మీదికి రావాలి. నడుముకు తాడు ఉండదు. కింద పరుపు ఉండదు. తాడు కనబడిందా, హాల్లో జనం ఈలలు వేసి పరువు తీస్తారు. ఇంకా చోద్యం ఏమిటంటే, సినిమా అయిపోయి పేర్లు పడేటప్పుడు, తగిలిన దెబ్బలన్నీ వరసగా చూపించాలి. వాటి కోసం జనం కుర్చీలు వదలకుండా కూర్చుంటారు. ఏం రుచో ఏమో!

దేచా ఇప్పటికి మూడుసార్లు దూకాడు. మొదటిసారి ఆటో కదిలింది. రెండోసారి మబ్బు అడ్డొచ్చింది. మూడోసారి అన్నీ కుదిరాయి గానీ, దిగేటప్పుడు కాలు మడత పడింది.

"చీలమండ చూడు థవీ అన్నా, బూరెలా పొంగింది. ఇవాళ్టికి చాలించు" అని బతిమాలాడు వన్‌లోప్.

"నువ్వు గొడుగు కింద కూర్చో. ఎండలోకి రాకు" అన్నాడు థవీ. "మూడింటికి పత్రికలవాళ్ళు వస్తున్నారు. ఈలోగా అయిపోవాలి."

రెండేళ్ళ క్రితం మోకాలు విరగకపోతే, ఆ మేడ మీద ఇప్పుడు వన్‌లోపే ఉండేవాడు. తను దూకితే ఇంత భయం ఉండేది కాదు. మనం పడితే నొప్పి ఒక్కచోటే. మనవాడు పడుతుంటే చూడటం ఉంది చూశారూ, అది పగవాడికి కూడా వద్దు.

సొంతూరు సూరిన్‌లో తమ్ముడికి బాక్సింగ్ నేర్పింది వన్‌లోపే. అన్నే గురువు. అందుకే దూకే ముందు ప్రతిసారీ దేచా అన్న ముందు మోకరిల్లాలి. అన్న వాడి జబ్బకు గుడ్డ కట్టి, నెత్తి మీద మంత్రం ఊదాలి. ఆ గుడ్డ వాళ్ళమ్మ పాత లుంగీ చింపి చేసింది. గురువు కట్టనిదే దేచా కాలు కదపడు.

వన్‌లోప్ చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. గుడ్డ తీసి జేబులో కుక్కుకున్నాడు.

"కట్టను పో!"

దేచా పకపకా నవ్వాడు. "అన్నా, నీ వాలకం చూస్తే దూకేది నువ్వే అనుకుంటారు."

"పళ్ళికిలించకు. అమ్మకేం చెప్పమంటావురా?"

"నువ్వెందుకు చెప్పడం? రాత్రికి జిగురన్నం, కాల్చిన కోడి తింటూ నేనే ఫోన్ చేస్తాలే. కట్టు."

"కట్టనన్నానా!"

దేచా కుంటుకుంటూ వచ్చి, కాలిపోతున్న సిమెంటు నేల మీద మోకరిల్లాడు. మూడుసార్లు వంగి, అన్న పాదాలకు నుదురు ఆనించి, అలాగే ఉండిపోయాడు. చుట్టూ అరవై మంది చూస్తున్నారు. కాళ్ళ మీద పడ్డ శిష్యుణ్ణి కాదన్న గురువు వాళ్ళ ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు.

వన్‌లోప్ గుడ్డ తీసి కట్టాడు. మంత్రం సగం వరకే పైకి చదివాడు. మిగతాది కళ్ళు మూసుకుని లోపలే చదివాడు.

దేచా మెట్లెక్కి పైకి వెళ్ళాడు.

"ఒరేయ్, ఈసారి కెమెరా వైపు చూశావో, చంపేస్తా!" అని కింద నుంచి కేకేశాడు థవీ.

పరుగు మొదలైంది. మేడ అంచు దగ్గర వాచిన కాలు పట్టు తప్పింది. పిల్లిమొగ్గ సగంలోనే ఆగింది. పందిరి అందలేదు. నడుము ఆటో ఇనుప కమ్మీకి కొట్టుకుని, దేచా వెల్లకిలా నేల మీద పడ్డాడు.

వన్‌లోప్ కాలు ఈడ్చుకుంటూ పరుగెత్తాడు. వాడి తల ఒళ్ళోకి తీసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా నెత్తురు కారింది.

"దేచా! ఒరేయ్ నాన్నా, నన్ను చూడరా!"

"అన్నా..." అన్నాడు దేచా. "నా కాళ్ళు ఎక్కడున్నాయో తెలీటం లేదు."

వన్‌లోప్ ఆ కాళ్ళను నిమిరాడు. గట్టిగా గిచ్చాడు. వాడు ఉలకలేదు. ఏం చేయాలో తోచక, చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే ఊదినట్టు వాటి మీద ఊదుతూ ఏడ్చాడు.

వెనక సందులోకి వ్యాను వచ్చింది. నలుగురు కలిసి దేచాను ఎక్కించారు. వన్‌లోప్ కూడా ఎక్కబోతే థవీ భుజం పట్టి లాగాడు.

"నువ్వు కాదు."

"వాడు నా తమ్ముడు!"

"తెలుసు. వాడితో నా మనిషిని పంపుతున్నా. పత్రికలవాళ్ళు గేటు దగ్గరికి వచ్చేశారు. ఇప్పుడు నువ్వు కనబడకపోతే రెండొందల మంది కూడు పోతుంది. వాడి వైద్యం ఎలా చేయిస్తావు చెప్పు?"

"ఒక్కసారి మొహం చూసి వస్తా అన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

వ్యాను తలుపు పడింది. బండి సందు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. వన్‌లోప్ కుళాయి వైపు నడిచాడు.

"చేతులు కడుక్కోకు" అన్నాడు థవీ.

మరో నిమిషానికి, "నిజంగా అంత ఎత్తు నుంచి తమరే దూకారా?" అని పత్రికలవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి అడిగితే, ఆ సినిమా హీరో వన్‌లోప్ నెత్తుటి చేతులు రెండూ జోడించి, "నేనే" అన్నాడు.