ఉత్తుత్తి చెయ్యి

నా భార్యను వెన్నెముక డాక్టర్లు మోసం చేశారు.

ఇందులో వాదించడానికేమీ లేదు. వైద్యమని పిలిచి, వీపు మీద ఉత్తుత్తినే చెయ్యి వేసి పంపించారు.

ఈ సంగతి ఆమె పోయాక గాని నాకు తెలియలేదు. పోయింది గుండె ఆగి. వీపుకీ దానికీ సంబంధం లేదు. అయినా మోసం మోసమే.

మరదలు చెప్పింది. అక్క బట్టలు మడతపెడుతూ మాటవరసకి అన్నట్టు చెప్పింది.

"అది పరిశోధన బావా. వెన్నుపూసలు సరిచేస్తే నరాలు కుదుటపడతాయా, నిద్రా, బీపీ, ఒంట్లో మిగతావీ బాగుపడతాయా అని చూస్తారట. సగంమందికి నిజంగా చేస్తారు. సగంమందికి చేసినట్టు నటిస్తారు. అక్కకి రెండోది పడింది."

"నటించడమేంటి?"

"వీపు మీద చెయ్యి పెడతారు. నొక్కరు, విరవరు. కాసేపుంచి తీసేస్తారు."

"మరి అక్కడికి వెళ్లొచ్చిన రోజు హాయిగా నిద్రపోయేదిగా?"

"పోయేది."

"అంటే వెర్రిదాన్ని చేసి ఆడించారన్నమాట."

మరదలు మడత ఆపింది.

"ఇన్నేళ్లకి గుర్తొచ్చిందా బావా, అక్కకి వీపుందని?"

ఆమె నోరు మొదట్నుంచీ అంతే.

నేను దర్జీని. పొద్దస్తమానం నా చేతులు ఎవరో ఒకరి భుజాల మీదే ఉంటాయి. టేపు వేస్తే చాలు, ఎవరికి గూని మొదలైందో, ఎవరికి కుడి భుజం దిగిందో తెలిసిపోతుంది. వీపుల గురించి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

నా భార్య వీపు నొప్పంటే నేనేమీ ఊరుకోలేదు. రాసుకునే మందు తెచ్చి బల్ల మీద పెట్టి, పనికి పోయాను.

మర్నాడు కొట్టు తెరవకుండా ఆ డాక్టర్ల దగ్గరికి బయల్దేరాను. మరదలు వెంటపడింది. "నువ్వొక్కడివీ వెళ్తే కొట్టేసి వస్తావు" అంది.

గదిలో ఎత్తు బల్ల. బోర్లా పడుకుంటే ముఖం ఆన్చడానికి దాని చివర గుండ్రంగా కంత. మూల కొక్కేనికి ప్లాస్టిక్ వెన్నెముక. పూసల సందుల్లోంచి పచ్చటి నరాలు, కుట్లు విప్పిన గుడ్డకి దారాల్లా వేలాడుతున్నాయి.

డాక్టరు చిన్నపిల్ల. మేమెవరమో మరదలు చెప్పింది.

"కూర్చోండి" అంది.

"కూర్చోడానికి రాలేదు. మోసం చేశామని ఒప్పుకో. అంతే నాకు కావలసింది."

"డాక్టరమ్మతో అలాగేనా మాట్లాడేది?" మరదలు నా చొక్కా లాగింది.

"చెయ్యేసి తీసెయ్యడానికి డాక్టరెందుకు? ఆ మాత్రం నేనూ చేస్తాను."



మరదలు నా చొక్కా వదిలేసింది.

"చేరేటప్పుడే చెప్పామండీ" అంది డాక్టరు. "రెంటిలో ఏదైనా పడొచ్చు, ఏది పడిందో చివరిదాకా చెప్పబోమని. సరేనన్నారు."

"చివర చెప్పారా?"

"ఈ గదిలోనే చెప్పాను. 'ఉత్తుత్తిదా!' అని ఒకటే నవ్వు ఆవిడ."

నవ్విందట. ఇంటికొచ్చి నాతో ఒక్క ముక్క అనలేదు.

"ఉత్తుత్తిది పడినవాళ్లందరికీ తర్వాత అసలు వైద్యం చేస్తాం. ఆవిణ్ణీ రమ్మన్నాం."

"వచ్చిందా?"

"వచ్చారు."

"చేశావా?"

"వద్దన్నారు. 'ఆ నొక్కుళ్లూ విరుపులూ నాకెందుకమ్మా, ఇదివరకట్లా చెయ్యి పెట్టు చాలు' అన్నారు. ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నారు. అది మా పరిశోధనలోకి రాదు. ఊరికే వచ్చేవారు, ఊరికే పెట్టేదాన్ని."

"ఎక్కడ?"

డాక్టరు మాటతో చెప్పలేదు. మరదలి వెనక్కి వెళ్లి, మెడ కిందుగా రెండు రెక్కల నడుమ అరచెయ్యి ఆనించింది.

గడుగ్గాయి మరదలు కళ్లు మూసుకుంది.

"ఎంతసేపు?"

"ఆవిడ చాలనేదాకా ఉంచుదామనుకునేదాన్ని. చాలని ఎప్పుడూ అనలేదు. నేనే తీసేదాన్ని."

నాకు అక్కణ్ణించి వచ్చెయ్యాలనిపించింది. వచ్చెయ్యాల్సింది.

"నా గురించి ఏమన్నా అనేదా?"

"చెడుగా ఎప్పుడూ అనలేదండీ. మీ పనంటే ఆవిడకి భలే గొప్ప. 'మా ఆయన హస్తవాసి చాలా మంచిదట, జనం ఎక్కడెక్కణ్ణించో వచ్చి కుట్టించుకుంటారు' అనేవారు."

"మంచిది అందా, మంచిదట అందా?"

డాక్టరుకి నా ప్రశ్న అర్థం కాలేదు. మరదలికి అయింది. తల తిప్పుకుంది.

"మంచిదట అనేవారు" అంది డాక్టరు. "ఎందుకండీ?"

బయటికి వచ్చేశాను.

వీధిలో మరదలు చాలాదూరం వెనకే నడిచింది. మలుపు దగ్గర నా పక్కకి వచ్చింది.

"తేలిందా బావా, మోసమో కాదో?"

"తేలింది."

ఏమని తేలిందో ఆమెకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇకముందూ చెప్పను.