చింతమొద్దులో మేకు

ఆళ్లగడ్డ సామిల్లులో రంపం నడిపే మదార్, చింతమొద్దును ట్రాలీ మీదికి ఎక్కించాక ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"మేకులేమన్నా ఉండాయా అన్నా?"

ఇనుము తగిలితే రంపం తెగి మనిషి మీదికొస్తుంది.

"ఏం లేవు, కొయ్యి," అన్నాడు మొద్దు తెచ్చిన రైతు.

"ఒకటుంది," అంది వెనక నిలబడ్డ అతని భార్య ఓబులమ్మ. ఆ చెట్టు ఆమె పుట్టింటిది. "పెండ్లికి ముందు నాకు దయ్యం పట్టిందని, నా జుట్టు చుట్టి దీంట్లో మేకు కొట్టించినారు."

ఆమె వేలు పెట్టిన చోట మదార్ ఉలితో చెక్కాడు. ఇరవై రెండేండ్లలో చెట్టు మేకును పూర్తిగా మింగేసింది. చుట్టూ చెక్క నల్లబడిపోయింది. పట్టకారు అందుకోగానే రైతు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పీకొద్దప్పా. అది మళ్లా వచ్చి ఈమెను పడతాదేమో."

మదార్ ఆగి ఓబులమ్మ వైపు చూశాడు.

"పీకప్పా," అంది ఆమె. "దయ్యమూ లేదు, ఏమీ లేదు. ఆ పొద్దు ఈయప్పను చేసుకోనని చెప్పినా. అంతే."