తువ్వాలు ముక్క

ల్యాబులో రేడియేషన్ భద్రత క్లాసు మొత్తం ఇంగ్లిషులో చెప్పారు. నాకు సగం అర్థం కాలేదు. అడిగితే నా పల్లెటూరి చదువు బయటపడుతుందని, అంతా తెలిసినట్టు తలూపి సంతకం పెట్టేశాను.

వారం తిరక్కుండానే రేడియోధార్మిక ద్రవం నా చేతిలోంచి బల్ల మీద ఒలికింది. ఎవరికీ చెప్పలేదు. ఒక తువ్వాలు ముక్కతో తుడిచి, మామూలు చెత్తబుట్టలో పడేశాను.

చీకటి పడి అందరూ వెళ్లాక, రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని బుట్ట దగ్గరికి వచ్చాను. మీటరు ఒకటీ అరా టిక్కుమంది. బుట్ట ఖాళీగా ఉంది.

వరండాలోకి నడిచాను. హార్బరు వైపు ఓడ కూత వినిపించి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మీటరు చప్పుడు పెరిగింది. మెట్ల వైపు అడుగు వేసేకొద్దీ టిక్కులు ఒకదాన్నొకటి తరిమాయి. మెట్ల కింద ఎవరో కదిలారు.

ఊడ్చే కాశమ్మ. సబ్బవరం బస్సు తప్పిపోయిన రోజున అక్కడే పడుకుంటుంది.

“ఏటమ్మా, ఆ పెట్టెలో కీచురాయిని గానీ దాసినావేటి?” అని నవ్వింది. “ఇదిగో సూడు, బంగారంలాటి తువ్వాలు బుట్టలో పడేసినారు. తల కిందకి ఏసుకున్నాను.”

చెప్పాలని నోరు తెరిచాను.

“బ్యాటరీ అయిపోతోంది,” అని మీటరు ఆపేశాను. చెవుల్లో టిక్కులు ఆగలేదు.

“నిలబడిపోనావేటి తల్లీ? రా, కూకో,” అంటూ కాశమ్మ చాప మీద జరిగి చోటిచ్చింది.

నేను చీకట్లో, ఆమెకు తెలియకుండా, ఒక అడుగు వెనక్కి వేశాను.